అతుకు దగ్గర ఆరు రోజులు: పోచంపల్లి నుంచి గద్వాల దాకా

పది మంది కలిసి ఒక బొమ్మ వేస్తే ఎక్కడ చెడుతుందో నేతగాళ్ళకు బాగా తెలుసు. ఒక చెయ్యి ఆగి ఇంకో చెయ్యి మొదలయ్యే చోట చెడుతుంది. ఒక్క చీరకే నూలు తోడేవాళ్ళు, పోగుల్ని మేకుల చుట్టూ వరసగా వేస్తూ ఆసు పోసేవాళ్ళు, రంగు తగలకూడని చోట బిగించి చిటికి కట్టేవాళ్ళు, రంగు వేసేవాళ్ళు, మగ్గం మీద కూర్చునేవాళ్ళు వేరువేరు. అయినా బట్ట చూస్తే ఒక్క చేతి పనిలాగే ఉంటుంది. అది ఎట్లా సాధ్యమవుతుందో ఊరూరా చూస్తూ, చూసిన చోటే కూర్చుని బట్ట మీద ఒక పొడుగాటి బొమ్మల పటం కలిసి వేసుకుంటూ పోవడం ఈ ఆరు రోజుల యాత్ర. పాత నల్గొండ జిల్లాలో మొదలై పాలమూరు (మహబూబ్‌నగర్) దాటి, కృష్ణ, తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డలో ముగుస్తుంది.

బతుకమ్మ రోజులు దీనికి మంచి కాలం. పండుగ మొదలయ్యే ఎంగిలిపూల అమావాస్య నాడు మాత్రం బయల్దేరొద్దు. చాలా ఇళ్ళలో అమావాస్యకు మగ్గం ఆపుతారు, పోయినా మూసిన తలుపులే చూడాలి. మర్నాడు పొద్దున పోచంపల్లిలో దిగితే లెక్క సరిగ్గా కుదురుతుంది. పది మందికి మించితే నేత ఇళ్ళలో నిలబడే చోటు ఉండదు, ఆరుగురికి తగ్గితే పటం సాగదు.

బయల్దేరే ముందు: బట్ట, రంగులు

ముతక నూలు బట్ట, 44 అంగుళాల పన్నా, 7 మీటర్లు. పటానికి కావలసింది 6 మీటర్లే. కొత్త బట్టలో ఉన్న గంజి పోయేదాకా వేడినీళ్ళలో ఉడికించి ఉతికితే బట్ట కొంత ముడుచుకుంటుంది కాబట్టి ఎక్కువ తీసుకోవాలి. ఉడికించకుండా పూత వేస్తే రంగు పైపైనే నిలిచి, చుట్టినప్పుడు పెచ్చులుగా రాలుతుంది.

పూతకు చింతగింజల అంబలి. గింజల్ని వేయించి పొట్టు తీసి దంచిన పొడి 100 గ్రాములు ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం ఒకటిన్నర లీటరు నీళ్ళతో సన్నని సెగ మీద గరిటెకు అంటుకునేదాకా ఉడికించాలి. నేరుగా మరిగే నీళ్ళలో పోస్తే ఉండ కడుతుంది, ఎంత తిప్పినా విడిపోదు. మొదటి పూత ఒట్టి అంబలితోనే. అది బాగా ఆరాక రెండో పూతకు లీటరు అంబలిలో 400 గ్రాముల మెత్తటి సుద్ద కలపాలి. సుద్ద ఎక్కువైతే బట్ట తెల్లగా, అందంగానే కనపడుతుంది కానీ రెండోసారి చుట్టేసరికి అడ్డంగా పగుళ్ళు వస్తాయి. ఆరిన బట్టను గాజు సీసాతో రుద్ది నున్నగా చేసుకోవాలి. అంబలి ఏ రోజుది ఆ రోజే వాడేయాలి, మర్నాటికి పులుస్తుంది.

రంగులు ఐదు చాలు: జేగురు, పసుపు మట్టి, నీలి, మసి, సుద్ద. జిగురుకు 100 గ్రాముల తుమ్మబంక రాత్రంతా 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళలో నానేసి, పొద్దున పాత పంచె గుడ్డలో వడగట్టాలి. ఆరిన గీతను వేలితో రుద్దితే పొడి అంటిందంటే జిగురు చాలలేదు. మెరుస్తూ, మడిస్తే చిట్లిందంటే ఎక్కువైంది. ఎక్కువైన జిగురుకు ఇంకో కష్టముంది: వానాకాలపు గాలికి అంటుకుంటుంది, చీమలు కూడా వస్తాయి.

ఒక్కో రంగూ ఆరు రోజులకు సరిపడా, 300 మిల్లీలీటర్ల చొప్పున, ఒకేసారి ఒకే మనిషి కలపాలి. రోజుకింత కలుపుకుందామంటే మూడో రోజు జేగురు మొదటి రోజు జేగురులా ఉండదు. నేతగాళ్ళు ఒక చీరకు కావలసిన నూలంతా ఒకే తొట్టిలో ముంచేది ఇందుకే.

1.2 మీటర్ల ప్లాస్టిక్ గొట్టాలు రెండు కావాలి. వేయాల్సిన బట్ట ఒకదానికి, వేసింది ఇంకోదానికి చుట్టుకుంటూ, ఎప్పుడూ ఒక మీటరు మాత్రమే తెరిచి ఉంచాలి. రోజుకో మీటరు, ఊరికో మీటరు. చుట్టేటప్పుడు రంగు వేసిన వైపు బయటికి ఉండాలి. లోపలికి చుడితే పూత నలిగి పగులుతుంది.

అడుగున జానెడు వెడల్పు పట్టీ ఆరు మీటర్ల పొడుగునా ఖాళీగా వదలాలి. అది మన జాగా కాదు. ఇల్లు చూపించినవాళ్ళు, పిల్లలు, మగ్గం మీదివాళ్ళు, ఎవరైనా గీయడానికి. దానికి జేగురు ఒక్కటే వాడితే ఎన్ని చేతులు పడినా పట్టీ ఒక్కటిగానే ఉంటుంది.

మొదటి రోజు: పోచంపల్లి

1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చిన ఊరు, అందుకే భూదాన్ పోచంపల్లి. హైదరాబాద్ నుంచి గంటన్నర లోపు దారి. దుకాణాలు పొద్దెక్కాకే తెరుస్తారు. పటం వేసేవాళ్ళు ఎనిమిదికల్లా నేత వాడల్లో ఉండాలి.

ముందు చూడాల్సింది మగ్గం కాదు, ఆసు. ఒక వైపు ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా మేకులు. ఒక్క దారాన్ని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మేకు మేకుకూ వేస్తూ పోవాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడుతుంది, నాలుగైదు గంటల పని. ఈ పని ఇళ్ళలో ఆడవాళ్ళది, భుజాలు పడిపోయేదీ వాళ్ళవే. ఆలేరు దగ్గరి షారాజీపేట మనిషి చింతకింది మల్లేశం, తల్లి పడే బాధ చూడలేక 1999లో తయారు చేసి ఆమె పేరే పెట్టిన లక్ష్మీ ఆసు యంత్రం అదే పనిని గంటన్నరకు దించింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేత్తో పోసే ఇల్లూ యంత్రమున్న ఇల్లూ రెండూ పక్కపక్కనే చూస్తే ఆ యంత్రం విలువ ఎంతో తెలుస్తుంది.

ఆసు మీద అన్ని పోగులూ ఒకే బిగువులో పడాలి. ఒకచోట వదులైతే అక్కడే కట్టిన చిటికి జరుగుతుంది, జరిగిన చోట రంగు హద్దు దాటుతుంది. తప్పు ఆసు పోసినవాళ్ళది, కనపడేది నేసినవాళ్ళ బట్టలో.

తర్వాత చిటికి. గళ్ళ కాగితం మీది డిజైన్ చూసి, చాపిన పోగుల మీద బొగ్గుతోనో పెన్నుతోనో గుర్తులు పెడతారు. రంగు తగలకూడని చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నని రబ్బరు పట్టీని బిగించి చుడతారు. లేత రంగు ముందు, ముదురు వెనక: తెల్లగా మిగలాల్సింది కట్టి పసుపులో ముంచుతారు, పసుపుగా మిగలాల్సింది కట్టి ఎరుపులో, ఆ తర్వాత నలుపులో. వరస తప్పితే ముదురు మీద లేత ఎక్కదు, వెనక్కి పోయే దారి లేదు. కట్టు వదులైతే రంగు లోపలికి పారుతుంది. అతిగా లాగితే విప్పేటప్పుడు బ్లేడు పోగుకు తగులుతుంది.

మగ్గం దగ్గర చూడవలసింది నేసేవాళ్ళ ఎడమ చేతి వేళ్ళు. పేక పోగు, అంటే అడ్డం పోగు, పడ్డాక కొద్దిగా అటో ఇటో జరిపి రంగును రంగు మీద కూర్చోబెడతారు. ఎంత జరిపినా వెంట్రుకవాసి తేడా మిగులుతుంది. పోచంపల్లి బొమ్మ అంచులు ఈకల్లా కనపడేది అందువల్లే. దాన్ని లోపమనుకునేవాళ్ళు అచ్చు వేసిన బట్ట కొనుక్కోవచ్చు.

గళ్ళ కాగితాలను ఫొటో తీయొద్దు. ఇంకా మార్కెట్‌కు రాని డిజైన్ ఆ ఇంటి ఏడాది తిండి. మగ్గం ఆపి చూపిస్తే ఆ పూట కూలి లెక్కగట్టి ఇవ్వాలి, అడిగినా అడక్కపోయినా.

మధ్యాహ్నం పటం. పది మందిలో నలుగురు బట్ట దగ్గర, ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. ముగ్గురు తిరిగి చూసి చిత్తు బొమ్మలు గీసి తెచ్చేవాళ్ళు. ఇద్దరు రంగులు, కుంచెలు, నీళ్ళు. ఒకరు గడియారం చూస్తూ, ఇంటివాళ్ళతో మాట్లాడుతూ. 45 నిమిషాలకోసారి చేతులు మారాలి. లేచేవాళ్ళు నోటితో ఎంత చెప్పినా కూర్చునేవాళ్ళకు గుర్తుండేది సగమే. అందుకని నేతవాళ్ళ బొగ్గు గుర్తుల పద్ధతే: పెన్సిల్‌తో ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేస్తే ఆ రంగు, ఇంటు గుర్తు పెడితే ముట్టుకోవద్దు. ఒకరు వేసిన గీతను ఇంకొకరు చెరపకూడదు, దాని పక్కన ఇంకో గీత వేయొచ్చు. ఈ ఒక్క నియమం లేకపోతే రెండో రోజుకే గొడవ.

మీటరులో చివరి నాలుగు వేళ్ళ వెడల్పు పెన్సిల్ గీతలతోనే వదిలేయాలి. దాన్ని పూర్తి చేసేది మర్నాడు, ఇంకో ఊళ్ళో, మొదట కూర్చునే నలుగురు. అదే ఈ పటానికి అతుకు. మొదటి రోజు అతుకులో ఆసు మేకుల వంపు వస్తే మంచిది, వంపు గీతను ఎవరైనా ముందుకు లాగగలరు. నిలువు గీతతో ఆపితే గోడ కట్టినట్టే.

చుట్టడానికి రెండు గంటల ముందు రంగు ఆపాలి. ఈ కాలంలో గాలిలో చెమ్మ ఎక్కువ, పైకి ఆరినట్టే ఉండి లోపల తడి ఉంటుంది. పాత దినపత్రిక మధ్యన పెడితే అక్షరాలు అంటుతాయి, తెల్ల కాగితమే పెట్టాలి.

రెండో రోజు: పుట్టపాక

చౌటుప్పల్ మీదుగా సంస్థాన్ నారాయణపురం మండలంలోకి. ఊరు చిన్నది, పేరు పెద్దది. గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చింది ఈ ఊరి నేతకే. ఇక్కడ నేసే తేలియా రుమాలు అనే నూలు గుడ్డకు 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది.

తేలియా అంటే నూనెది. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదను నీళ్ళలో కలిపి తేర్చితే క్షారపు నీరు వస్తుంది. అందులో నూనె కలిపి నూలును పిసికి, నానబెట్టి, ఎండేయాలి. మళ్ళీ మర్నాడు. ఇట్లా రెండు వారాలకు పైనే. నూనె, బూడిద నీరు కలిసి నూలు లోపలికి పోతాయి కాబట్టి ఎరుపు గట్టిగా పడుతుంది, గుడ్డ మెత్తగా, ఎండలో చల్లగా ఉంటుంది. గల్ఫ్ దేశాలకు తలగుడ్డలుగా పోయిన బట్ట ఇది. బూడిద నీరు పలచనైతే నూనె కలవదు, పైన తేలుతుంది. ముసురు పట్టి ఎండ లేకపోతే రోజులు సాగుతాయి, తొందరపడితే నూలు కంపు కొడుతుంది. ఈ పని మధ్యలో ఆపి ఊరికి పోవడానికి ఉండదు. ఇంట్లో ఒకరు లేకపోతే ఇంకొకరు పిసకాల్సిందే.

ఎరుపు, నలుపు, తెలుపు. మూడే రంగులు. పడుగూ (నిలువు పోగులు) పేకా రెండూ చిటికి కట్టిందే. పోచంపల్లిలో పేక ఒక్కటే కట్టిన చీరలు చాలా చూస్తాం, అక్కడ తప్పు జరిగితే వేలితో జరిపి సర్దొచ్చు. ఇక్కడ పడుగులో కట్టిన చదరం మీదికే పేకలో కట్టిన చదరం వచ్చి కూర్చోవాలి. రెండూ ఎరుపైతే నిండు ఎరుపు, ఒకటి తెలుపైతే లేత మచ్చ. పడుగు బిగువు మగ్గం మీద మారినా, పేక కట్టినప్పుడు కొలత నూలుపోగంత తప్పినా, పదో వరసకు చదరం కోలగా సాగుతుంది. పడుగు కట్టేవాళ్ళూ పేక కట్టేవాళ్ళూ వేరైతే ఇద్దరూ వాడే కొలబద్ద ఒకటే అయి ఉండాలి. అదే పొడుగున్న ఇంకోటి పనికిరాదు, అదే బద్ద కావాలి.

ఇక్కడి నుంచి పటానికి ఒక పాఠం తెచ్చుకున్నాం: ఒకటే స్కేలు. నలుగురి దగ్గరా నాలుగు స్కేళ్ళుంటే గళ్ళు కలవవు, ప్లాస్టిక్ స్కేళ్ళ మొదటి గీత ముందు వదిలే అంచు ఒక్కోదానికి ఒక్కో తీరు. రెండో మీటరును గళ్ళతో వేయాలనుకుంటే ముందు 5 సెంటీమీటర్ల గళ్ళు ఒక్కరే గీసి, తర్వాత నలుగురూ కూర్చోవాలి. నిన్నటి ఆసు వంపులు ఈ గళ్ళలోకి వచ్చి విరిగే చోటే ఇవాళ్టి అందం. నీలిని ఇవాళ ముట్టుకోకపోతే ఇంకా బాగుంటుంది.

సాయంత్రం మునుగోడు మీదుగా నల్గొండ.

మూడో రోజు: పానగల్లు

పట్నం అంచునే ఉదయసముద్రం చెరువు, దాని దగ్గర ఛాయా సోమేశ్వరం, కొద్ది దూరంలో పచ్చల సోమేశ్వరం. కందూరు చోడులు, కాకతీయుల కాలపు గుళ్ళు.

ఆరుబయట కలిసి బొమ్మ వేసేవాళ్ళను పాడు చేసేది నీడ. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. ఎనిమిదింటికి కూర్చున్నవాళ్ళ స్తంభానికి నీడ ఒక పక్క, పదకొండింటికి కూర్చున్నవాళ్ళకు అదే స్తంభం నీడ పొట్టిదై ఇంకో పక్క. రెండూ ఒకే పటంలో పడితే ఎక్కడో తప్పుందని చూసేవాళ్ళకు అనిపిస్తుంది, ఎక్కడో చెప్పలేరు. మందు ఒక్కటే. మొదటి పది నిమిషాల్లో నీడ అంచులన్నీ పెన్సిల్‌తో గీసేసి, ఎండ ఎటు పోయినా వాటినే నమ్మాలి.

ఛాయా సోమేశ్వరంలో ఆ తిప్పలు లేవు. మూడు గర్భగుళ్ళు ఒకే మండపంలోకి తెరుచుకునే త్రికూటం ఇది. పడమటి గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా ఒకే చోట నిలుస్తుంది. చేతులు ఎన్నిసార్లు మారినా నీడ మారదు. కలిసి గీయడానికి ఇంతకన్నా అనువైన చోటు ఈ దారిలో లేదు. అయితే లోపల ఇరుకు, వెలుతురు తక్కువ, దర్శనానికి వచ్చేవాళ్ళు ఉంటారు. బట్ట లోపల పరవకూడదు. ఇద్దరిద్దరు చొప్పున పోయి చిన్న కాగితాల మీద గీసుకుని రావాలి, పటం బయట చెట్టు కింద.

పచ్చల సోమేశ్వరం గోడల మీద రామాయణ, భారత కథల శిల్పాల వరసలున్నాయి, ఆవరణలోనే మ్యూజియం ఉంది. శిల్పం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయడం, తడి గుడ్డ అద్దడం, సుద్దముక్కతో గీతలు దిద్దడం తప్పు. రాయి పొర లేస్తుంది. కళ్ళతో చూసి చేత్తో గీయడమే. ఒక్కొక్కరు ఒక్కో బొమ్మ ఎంచుకుంటే పదీ పది సైజుల్లో వస్తాయి. అందుకని ముందే అనుకోవాలి: నిలబడ్డ మనిషి ఎత్తు ఒక జాన, కూర్చుంటే బెత్తెడు. శిల్పుల గుంపు వందల బొమ్మల్ని ఒక వరసలో ఒదిగించింది ఇట్లాంటి కొలతతోనే.

జానెడు పట్టీలో ఇక్కడ బడిపిల్లలు ఎక్కువగా గీస్తారు. వాళ్ళకు కుంచె ఇచ్చే ముందు నీళ్ళు పిండి ఇవ్వాలి. పిల్లల చేతిలో కుంచె నీళ్ళోడి పైన వేసిన మసి కిందికి కారుతుంది, ఆ తప్పు పిల్లలది కాదు.

నాలుగో రోజు: పాలమూరు దారి, బతుకమ్మ

నల్గొండ నుంచి కొండమల్లేపల్లి, అక్కడి నుంచి కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్. సగం రోజు బండిలోనే పోతుంది. గొట్టాలను బండి నేల మీద పెట్టొద్దు, వేడికి జిగురు మెత్తబడుతుంది. సీట్ల వీపులకు అడ్డంగా తాళ్ళతో వేలాడదీయాలి.

పాలమూరు శివారులో పిల్లలమర్రి. దాదాపు 700 ఏళ్ళదని చెప్పే మర్రి. ఊడలు దిగి దిగి మొదటి బోదె ఏదో తెలియనంతగా పరుచుకుంది. 2018లో చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే, మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి మందు నీళ్ళు ఎక్కించి కాపాడారు. ఎక్కడిదాకా పోనిస్తే అక్కడిదాకే పోవాలి, ఊడలు పట్టుకోవద్దు. పటంలో ఈ మీటరుకు బోదె వేయకుండా నాలుగు మూలల నుంచి నలుగురూ ఊడలు దించుకుంటూ మధ్యకు వస్తే మర్రి కుదురుతుంది. మధ్యలో బోదెతో మొదలుపెడితే ఒకరు వేస్తూ ముగ్గురు చూస్తూ కూర్చుంటారు.

ఈ రోజు పండుగలో ఐదో నాడు, అట్ల బతుకమ్మ. తెలంగాణలో అందరూ కలిసి చేసే కళ అంటే ముందు చెప్పుకోవలసింది ఇదే. ఏ వాడలో అడిగినా కూర్చోనిస్తారు, పూలు మనం తీసుకుపోవాలి.

మోకాలి ఎత్తు బతుకమ్మకు రెండు గంపల తంగేడు, అంతే గునుగు కావాలి. బంతి రెండు కిలోలు, కట్లపూలు, గుమ్మడి పూలు దొరికినన్ని. గునుగు ముందు రోజు సాయంత్రమే కోయాలి. కాడలు నాలుగు వేళ్ళ పొడుగుకు సమంగా తెంపి, పదీ పదిహేను కలిపి దారంతో కట్టి, కొసలు మాత్రం వేడినీళ్ళలో కలిపిన రంగులో ముంచి రాత్రంతా ఆరనివ్వాలి. పొద్దున ముంచి సాయంత్రం పేరిస్తే రంగు కారి కింది వరస తెల్లపూలన్నీ ఎర్రబడతాయి. తంగేడు మాత్రం ఆ రోజుదే ఉండాలి, నిలవుంటే రేకులు రాలతాయి.

తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, అంచు వెంట కాడలు లోపలికి, తలలు బయటికి పెడుతూ ఒక వరస. ఒక్కో వరస వేశాక మధ్యలో పడే గుంతను తంగేడు ఆకు, మిగిలిన కాడల ముక్కలతో గట్టిగా దట్టించాలి. బతుకమ్మ కూలడానికి పదింట తొమ్మిదిసార్లు కారణం ఇదే, బయట పూల మీద ఉన్న ధ్యాస లోపలి ఆకు మీద ఉండదు. పేర్చేవాళ్ళు ఇద్దరే, ఎదురెదురుగా. దట్టించే చెయ్యి ఒక్కటి. పూలు సైజు వారీగా ఏరి అందించేవాళ్ళు ముగ్గురు నలుగురు. అందించేవాళ్ళు ఆలస్యమైతే పేర్చేవాళ్ళు చేతికందిన పూవు పెడతారు, వరస చెడుతుంది. మూడు వరసలకోసారి తాంబాళాన్ని పావు వంతు తిప్పితే వాలు బయటపడుతుంది. బంతి బరువు, అడుగు వరసల్లోనే బాగు. కొసకు గుమ్మడి పువ్వు, మీద పసుపు గౌరమ్మ.

చుట్టూ తిరిగి పాడేటప్పుడూ అదే తీరు. ఒకామె చరణం అందిస్తుంది, మిగతావాళ్ళు ఉయ్యాలో అని అందుకుంటారు. ఆమెకు ఊపిరి చాలనప్పుడు పక్కామె ఎత్తుకుంటుంది. మారింది ఎక్కడో వినేవాళ్ళకు పట్టదు.

ఐదో రోజు: నారాయణపేట

పొద్దున ఐదింటికే బయల్దేరాలి. మరికల్ మీదుగా గంటన్నర. తెల్లవారుజామున వీధిలో పడుగుకు గంజి పెట్టడం చూడగలిగితే యాత్రకు అదే పెద్ద లాభం. పడుగును వీధి పొడుగునా రెండు కొసలా బిగించి, గంజి పట్టించి, రెండు వైపులా మనుషులు పొడుగాటి కుంచెలతో ఒకే దిక్కుకు దువ్వుకుంటూ నడుస్తారు. ఇరుగుపొరుగు రాకుండా ఒక్క ఇంటితో అయ్యే పని కాదు. ఎండ ముదిరితే కుంచె చేరేలోపే గంజి ఆరి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. చినుకు పడితే అంతా మళ్ళీ మొదలు. అందుకే ఎవరి పడుగు వీధిలో ఉంటే వాళ్ళింటికి మిగతావాళ్ళు సొంత పని ఆపి వస్తారు, రేపు వాళ్ళకూ ఆ చేతులు కావాలి. చూసేవాళ్ళు పక్కకు నిలబడాలి, పడుగు కింది నుంచి దూరి పోవద్దు.

ఈ ఊరి చీర గళ్ళది, గుడి గోపురాల అంచుది. శివాజీ ఈ దారిన పోయినప్పుడు వెంట వచ్చిన నేతగాళ్ళు ఇక్కడ ఉండిపోయారని ఊళ్ళో చెప్పుకుంటారు. మగ్గం మీద ఒక్క చీరకు కాదు, ఎనిమిది చీరలకు సరిపడా 56 గజాల పడుగు ఒకేసారి ఎక్కిస్తారు. అంటే ఎనిమిది చీరలకూ నిలువు చారలు ఒక్కటే, ముందే తేలిపోయింది. అడ్డం పోగు రంగు మార్చి ఒక్కో చీరను వేరు చేస్తారు. గుంపుగా బొమ్మ వేసేవాళ్ళు దీన్ని అట్లాగే ఎత్తుకోవచ్చు: నిలువు గీతలన్నీ ముందే ఒప్పుకుని వేసేయాలి, అడ్డం ఎవరిష్టం వాళ్ళది. అన్నీ ముందే ఒప్పుకుంటే పని జీతపు పనిలా ఉంటుంది, ఏదీ ఒప్పుకోకపోతే పది ముక్కల బొంత అవుతుంది.

ఈ రోజు అలిగిన బతుకమ్మ, పూలు పేర్చరు. సాయంత్రం ఖాళీ. ఐదు మీటర్లూ ఇప్పుడే విప్పి గోడకు వేలాడదీసి పది అడుగుల దూరం నుంచి అతుకుల్ని చూడాలి. రాలిన చోట పలచని జిగురు నీళ్ళు అద్ది ఆరాక రంగు వేయాలి. అతుకు మరీ ఎత్తి చూపుతుంటే దాని మీద రంగు పూయొద్దు, రెండు పక్కలా ఉన్న ఏదో ఒక గీతను దాని మీదుగా పొడిగిస్తే చాలు.

ఆరో రోజు: గద్వాల

మక్తల్ మీదుగా జూరాల దగ్గర కృష్ణ దాటితే నడిగడ్డ. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర.

గద్వాల చీరను చివరికి ఉంచింది కావాలనే. ఒళ్ళు నూలు, అంచులూ కొంగూ పట్టు. రెండు జాతుల దారం ఒకే బట్టలో. కుట్టు ఉండదు. పేక పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెలు మూడు ఆడతాయి: ఒక అంచుకు పట్టు, మధ్యకు నూలు, రెండో అంచుకు పట్టు. ప్రతి పోగు దగ్గరా నూలు పేక వచ్చి పట్టు పేకను మెలివేసుకుని వెనక్కి తిరుగుతుంది. దీన్నే కుప్పడం అంటారు. ఒక్కరే మూడు నాడెలు ఆడించడం కష్టం, పక్కన ఇంకొకరు కూర్చుని అంచు నాడె అందిస్తారు. అందించే చెయ్యి గట్టిగా లాగితే మెలిక దగ్గర బట్ట ముడుచుకుంటుంది, వదిలేస్తే చిన్న చిన్న కంతలు పడతాయి. నూలు తడిస్తే ముడుచుకునే తీరు వేరు, పట్టుది వేరు. బిగువు సరిగా లేని చీర మొదటి ఉతుకులోనే అంచు అలలు తిరుగుతుంది. కొనేటప్పుడు చీరను వెలుతురుకు ఎత్తి, ఒళ్ళూ అంచూ కలిసే గీత వెంట చూపు పోనిస్తే పనితనం తెలిసిపోతుంది.

కొంగు దగ్గర ఇంకో అతుకు. అక్కడ పడుగే మారాలి. నూలు పడుగు పోగులకు పట్టు పడుగు పోగుల్ని ఒకదానికొకటి చేత్తో మెలిపెడతారు. ఇది కూర్చున్నచోటి నుంచి లేవకుండా చేసే పని. మధ్యలో చెయ్యి మారితే మెలిక బిగువు మారుతుంది. అన్ని పనులూ పంచుకోవలసినవి కావని కూడా ఇక్కడే చూస్తాం. పటానికీ ఇదే: ఆరో మీటరు కొసన వచ్చే అంచు గీత ఒక్క చేతితోనే, మొదలు నుంచి చివరిదాకా.

మధ్యాహ్నానికల్లా రంగు ఆపాలి. కోట ఆవరణలో నీడ పట్టున ఆరు మీటర్లూ పరిచి, జానెడు పట్టీలో గీసినవాళ్ళు ఎవరైనా వచ్చి చూస్తామంటే వాళ్ళ కోసం సాయంత్రం దాకా ఉంచాలి. ఆరు ఊళ్ళ చేతుల్నీ ఒకే పట్టీలో చూడాలని గద్వాల నేతవాళ్ళు అడుగుతారు, పుట్టపాక గళ్ళ దగ్గర ఎక్కువసేపు నిలబడతారు.

పటం ఎవరిదన్నది బయల్దేరే ముందే తేల్చుకోవాలి, ఇక్కడ కాదు. పది ముక్కలు కోసి పంచుకుంటే అతుకులన్నీ సగానికి తెగుతాయి. మేలైన పద్ధతి: ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో నెల. తర్వాత రెండు నెలలు పట్టీలో ఎక్కువగా గీసిన ఊరి బడిలో. వేలాడదీసేటప్పుడు పైన వెదురు కర్ర, కింద కొద్ది బరువు. ఎండ నేరుగా పడితే పసుపు మట్టి, జేగురు నిలుస్తాయి, నీలి వెలుస్తుంది. చుట్టి పెడితే వేపాకు పొడి మూట ఒకటి గొట్టం లోపల.

వెనక వైపు ఎడమ మూలన, చెరగని సిరాతో, ప్రతి మీటరుకూ ఊరి పేరు, తేదీ, బట్ట దగ్గర ఏ నలుగురి తర్వాత ఏ నలుగురు కూర్చున్నారో వరస, జిగురు ఎంత కలిపారో రాయాలి. పట్టీలో గీసినవాళ్ళు పేరు రాయమంటే రాయాలి, వద్దంటే వాళ్ళ బొమ్మ వెనక ఒక చుక్క పెట్టాలి. రెండేళ్ళకు ఎక్కడైనా రంగు రాలితే, సరిచేయడానికి కూర్చునేవాళ్ళు ముందు తిప్పి చూసేది ఆ మూలే.